గడ్డి కప్పు, ఓక్ చట్రం: ఇంగ్లండులో ఒక రైతు ఇల్లు, ఒక ధాన్యపు కొట్టం

సభాధ్యక్షులకు, వాస్తుశిల్ప విద్యార్థులకు, ఆసక్తితో విచ్చేసిన పెద్దలందరికీ నమస్కారం.

ఇంగ్లండు కట్టడాల మీద ప్రసంగం అనగానే కథీడ్రళ్లు, కోటలు, ప్రభువుల భవంతులు వరుసకడతాయని మీరు అనుకొని ఉంటారు. వాటిని గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక, ఈ సాయంత్రం నేను గడ్డి కప్పిన ఒక రైతు ఇంటికీ, గడ్డి కప్పిన ఒక ధాన్యపు కొట్టానికీ పరిమితమవుతాను. ఇల్లు దేశం నడిబొడ్డున, వార్విక్‌షైర్‌లో, స్ట్రాట్‌ఫర్డ్ పట్టణానికి మైలు దూరంలోని షాటరీ గ్రామంలో ఉంది. కొట్టం తూర్పు తీరానికి దగ్గరగా, నార్ఫోక్‌లోని పాస్టన్ గ్రామంలో ఉంది. మొదటిది చెక్క చట్రపు ఇల్లు, రెండోది చెకుముకిరాతి గోడల కట్టడం. ఇంత దూరాన ఉన్న రెండింటినీ ఒకచోటికి తీసుకురావడానికి కారణం ఉంది. ఇంగ్లీషు పల్లెలో రైతు ఇంటినీ కొట్టాన్నీ విడివిడిగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి. కొట్టంలో గోధుమ నూర్చగా మిగిలిన గడ్డి ఇంటి కప్పు అయ్యేది. ఆ కప్పుకు కావలసిన వాలు, దాని బరువు, దాని చూరు కలిసి ఇంటి ఆకారాన్ని నిర్ణయించేవి. అందుకే నూర్పిడి పద్ధతి మారినప్పుడల్లా ఇంటి కప్పు తీరు కూడా మారుతూ వచ్చింది.

ముందు ఇంటి సంగతి చూద్దాం. షాటరీకి యాత్రికులు వెళ్లేది వాస్తుశిల్పం కోసం కాదు, షేక్‌స్పియర్ భార్య ఆన్ హాథవే పుట్టిపెరిగిన ఇల్లు అక్కడ ఉన్నందుకు. పర్యాటకుల పుస్తకాల్లో దానిని ముద్దుగా కాటేజీ అని రాస్తారు కానీ, ఆమె కాలంలో దాని పేరు హ్యూలాండ్స్ ఫార్మ్. దాదాపు 90 ఎకరాల సేద్యానికి కేంద్రమైన ఇల్లు అది. నేడు లెక్కపెడితే పన్నెండు గదులుంటాయి. 1543 నాటికే హాథవే కుటుంబం అక్కడ కౌలుదారులుగా ఉంది. ఆన్ తండ్రి రిచర్డ్ 1581లో మరణించాడు, మరుసటి ఏడు ఆమెకు పెళ్లయింది. ఆమె సోదరుడు బార్తొలోమ్యూ 1610లో ఆ భూమిని, ఇంటిని సొంతానికి కొని, ఎగువ వైపున ఇంటిని పెంచాడు. 1838లో ఆ వంశం ఆస్తిని అమ్ముకున్నా ఇల్లు వదలలేదు, అద్దెకు అక్కడే ఉండిపోయింది. 1892లో షేక్‌స్పియర్ జన్మస్థల ట్రస్టు దానిని కొన్న తరువాత కూడా ఆ వంశస్థులు కొంతకాలం సంరక్షకులుగా అక్కడే కాపురమున్నారు. ఒక రైతు ఇల్లు ఇంతకాలం చెక్కుచెదరకుండా నిలవడంలో ఈ కొనసాగింపు పాత్ర చిన్నది కాదు. ఆన్ పేరు అంటుకుని ఉండకపోతే ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టబడి ఉండేదేమో.

ఇంటిలో అన్నిటికంటే పాత భాగం సుమారు 1463 నాటిది. ఆ భాగాన్ని నిలబెట్టింది క్రక్ అనే చట్రం. సహజంగా వంపు తిరిగిన ఓక్ చెట్టును ఎంచుకొని, దానిని నిలువునా రెండుగా చీలిస్తే ఒకే వంపు ఉన్న రెండు పొడవాటి దూలాలు వస్తాయి. వాటి మొదళ్లను నేల దగ్గర దూరంగా నిలిపి, కొసలను కొప్పు దగ్గర కలిపితే ఒక చట్రం తయారవుతుంది. ఇటువంటి చట్రాలను పదిహేను, పదహారు అడుగుల దరిదాపు ఎడంతో వరుసగా నిలబెట్టి, వాటి మధ్య అడ్డదూలాలు, వాసాలు వేస్తారు. రెండు చట్రాల మధ్య జాగాను మనం అంకణం అంటాం. అక్కడి వడ్రంగి కూడా ఇంటిని అడుగుల్లో కాక అంకణాల్లోనే లెక్కపెట్టేవాడు. ఈ పద్ధతిలో కప్పు బరువంతా వంపు దూలాల గుండా నేరుగా నేలలోకి దిగిపోతుంది కనుక గోడ మోయవలసింది ఏమీ ఉండదు. గోడ కేవలం గాలిని ఆపే తెర. హ్యూలాండ్స్ పై అంతస్తులో ఆ వంపు దూలాలు నేటికీ కనిపిస్తాయి. విచిత్రమేమిటంటే, ఇంగ్లండు పడమటి, ఉత్తర, నడిమి ప్రాంతాల్లో విరివిగా ఉన్న ఈ క్రక్ చట్రం తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల్లో దాదాపుగా లేదు. దీనికి పండితులు రకరకాల కారణాలు చెబుతారు. నాకు వాటిలో ఏదీ పూర్తిగా నచ్చలేదు కనుక ఆ చర్చలోకి దిగను.

చెక్కపని గురించి మాత్రం కొంచెం నిలిచి మాట్లాడాలి. ఓక్ చెట్టును కొట్టిన తరువాత ఆరబెట్టకుండా, పచ్చిగా ఉండగానే పని ముగించేవారు, ఎందుకంటే ఆరిన ఓక్ ఉలికి లొంగదు. వడ్రంగి తన పెరట్లోనే చట్రాన్ని నేలమీద పరచి, ప్రతి కీలునూ సరిచూసి, కలవవలసిన రెండు చెక్కల మీద ఒకే గుర్తును, సాధారణంగా రోమన్ అంకెల వంటి గీతలను, ఉలితో చెక్కి, మళ్లీ విడదీసి, బండ్ల మీద స్థలానికి చేర్చి నిలబెట్టేవాడు. ఇప్పటికీ పాత ఇళ్లలో ఆ గీతలు చేతికి తగులుతాయి. కీలు కట్టే తీరు మరీ ముచ్చటైనది. ఒక దూలం కొసను కుసిగా చెక్కి, రెండో దూలంలో తొలిచిన బెజ్జంలోకి దింపుతారు. ఆపైన రెండింటి గుండా అడ్డంగా రంధ్రం వేసి చెక్క మేకు కొడతారు. అయితే కుసిలోని రంధ్రాన్ని కావాలనే కొద్దిగా లోపలికి జరిపి వేస్తారు. ఎండిన ఓక్ మేకును సుత్తితో దిగ్గొట్టినప్పుడు, ఆ ఎడం సర్దుకునే ప్రయత్నంలో మేకు కుసిని లోపలికి లాక్కొని కీలును బిగిస్తుంది. ఇనుప మేకులు వాడకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుమును తినేస్తుంది, ఇనుము చుట్టూ చెక్క కూడా నల్లబడి చెడుతుంది. పచ్చి చెక్క సంవత్సరాల తరబడి ఆరుతూ కుదించుకుపోతుంది కనుక ఈ ఇళ్లు మెలితిరిగి, ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి. ఆ ఒంపులు చూసి పనివాడికి చేతకాలేదని అనుకోకూడదు.

పచ్చి చెక్క వాడడం వల్ల చరిత్రకారులకు ఒక మేలు కూడా కలిగింది. దూలంలోని వార్షిక వలయాలను కొలిచి, తెలిసిన వలయాల వరుసతో పోల్చి, చెట్టును కొట్టిన సంవత్సరాన్ని నిర్ధారించవచ్చు. బెరడు అంచు మిగిలి ఉంటే ఏ ఋతువులో కొట్టారో కూడా చెప్పవచ్చు. ఆరబెట్టకుండా కట్టేవారు కనుక, చెట్టు కూలిన ఏడాదికీ ఇల్లు లేచిన ఏడాదికీ పెద్ద తేడా ఉండదు. ఈ పద్ధతి వచ్చాక వందల కట్టడాల వయసు సరిదిద్దవలసి వచ్చింది.

చట్రం మధ్య ఖాళీలను తడికతో నింపేవారు. పైదూలంలో రంధ్రాలు, కిందిదూలంలో గాడి చెక్కి, వాటి మధ్య నిలువు పుల్లలు బిగించి, వాటిలో హేజెల్ చెట్టు సన్నని కొమ్మలను అల్లి, రెండు వైపుల నుంచీ మట్టి మెత్తేవారు. ఆ మట్టిలో బంకమన్ను, పశువుల పేడ, తరిగిన గోధుమ గడ్డి కలిసి ఉండేవి. పైన సున్నం పూత. ఇక్కడ కూడా గడ్డే ఉందని గమనించండి. మట్టి ఆరి బీటలు వారకుండా పట్టి ఉంచేది అదే. చట్రం కిందిదూలం నేల తేమకు కుళ్లకుండా కింద రాతి పీఠం కట్టేవారు. ఇక మీరు బొమ్మల్లో చూసే నల్లని దూలాలు, తెల్లని గోడల జంట చాలావరకు 19వ శతాబ్దపు సరదా. అంతకుముందు ఓక్‌ను సహజంగా వెండి రంగుకు తిరగనిచ్చేవారు, లేదా గోడతో పాటే దానికీ సున్నం కొట్టేవారు.

లోపలి అమరిక మధ్యయుగపు రైతు ఇంటికి అలవాటైనదే. ఎదురెదురు తలుపులతో ఇంటిని అడ్డంగా కోసే నడవ ఒకటి ఉంటుంది. దానికి ఒక పక్కన హాలు, మరో పక్కన వంట, సామగ్రి గదులు. హాలు అంటే కుటుంబమంతా, పనివారంతా కలిసి తినే, కూర్చునే, ఒక్కోసారి పడుకునే చోటు. దానికి పై అంతస్తు లేదు. తలెత్తితే నేరుగా కొప్పు కనిపించేది. నేల మధ్యలో పొయ్యి, పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి వాసాల మధ్య తిరిగి, గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. 16వ శతాబ్దంలో ఇది మారింది. ఇటుకతోనో రాతితోనో పొగగొట్టం కట్టడం రైతులకు అందుబాటులోకి రావడంతో, పొగ గోడలో బందీ అయింది. హాలు మీద అడ్డంగా పలకలు వేసి పై అంతస్తు చేసుకునే వీలు కలిగింది. ఎసెక్స్‌లో మతగురువుగా ఉన్న విలియం హారిసన్ 1577లో ప్రచురించిన వర్ణనలో, తన ఊరి ముసలివారు తమ జీవితకాలంలో గమనించిన మూడు పెద్ద మార్పుల్లో పొగగొట్టాలు పెరిగిపోవడాన్ని మొదట చెబుతాడు. మిగిలినవి పరుపులు మెరుగుపడడం, చెక్క పళ్లేల స్థానంలో లోహపు పళ్లేలు రావడం. 1570 నుంచి 1640 వరకు ఇంగ్లీషు పల్లెలంతటా సాగిన ఈ పునర్నిర్మాణాన్ని 1953లో డబ్ల్యూ.జి. హాస్కిన్స్ అనే చరిత్రకారుడు ఒక వ్యాసంలో గుర్తించి చూపాడు. హ్యూలాండ్స్‌లో కూడా తెరిచి ఉన్న హాలుకు పై అంతస్తు, పొగగొట్టం వచ్చి చేరాయి. బార్తొలోమ్యూ పెంచిన భాగం ఆ తరంగంలోనిదే.

ఇక కప్పు. గడ్డి కప్పు నీటిని అడ్డుకోదు, దొర్లిస్తుంది. చినుకు ఒక కాడ మీద పడి, దాని మైనపు నునుపు మీద జారి, కింది కాడకు చేరి, అలా కాడ నుంచి కాడకు దిగుతూ చూరు చేరుకుంటుంది. వాలు తగినంత ఉంటే పైనున్న అంగుళం మేర మాత్రమే తడుస్తుంది. అడుగు మందం కప్పులో మిగిలినదంతా శతాబ్దాల పాటు పొడిగానే ఉంటుంది. ఆ వాలు సుమారు 50 డిగ్రీలు. 45కు తగ్గితే నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది. ఈ ఒక్క అంకె నుంచి ఇంటి రూపమంతా పుట్టుకొస్తుంది. ఇల్లు వెడల్పయిన కొద్దీ కప్పు ఎత్తు భరించలేనంతగా పెరుగుతుంది కనుక, ఒక్క గది వెడల్పుతో పొడవుగా సాగే ఇల్లే సరిపడుతుంది. రెండు కప్పులు కలిసే లోయలో నీరు గుమిగూడి గడ్డి ముందుగా పాడవుతుంది కనుక, మూలలు, వంకర్లు తగ్గించి తిన్నగా కట్టారు. బార్తొలోమ్యూ ఇల్లు పెంచినప్పుడు అదే వరుసలో ముందుకు పొడిగించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. గడ్డి కప్పుకు నీటి తొట్టెలు, గొట్టాలు అమర్చలేరు. కాబట్టి చూరును గోడకు బాగా ముందుకు చాపి, నీరు దూరంగా పడేలా చేస్తారు. మట్టి మెత్తిన గోడకు అదే ప్రాణరక్షణ. పై అంతస్తుకు వెలుగు కావాలంటే కప్పును చీల్చకుండా, కిటికీ మీదుగా కనుబొమలాగా గడ్డిని ఎత్తి దింపుతారు. గడ్డి బరువు మట్టి పెంకుల బరువులో సగం దరిదాపు మాత్రమే కనుక వాసాలు సన్నగా ఉన్నా సరిపోతాయి. చాలా పాత ఇళ్లలో అవి చెక్కు కూడా తీయని గుండ్రటి కర్రలే.

కప్పేవాడి పని దగ్గరగా చూద్దాం. దేశంలో మూడు రకాల సామగ్రి వాడుకలో ఉంది. నూర్చిన గోధుమ గడ్డిని పొడవుగా, మొదళ్లూ కొసలూ కలిసిపోయి ఉండగా పరిచేది ఒకటి. అదే గోధుమ గడ్డిని దువ్వి, మొదళ్లన్నీ ఒకే వైపు వచ్చేలా కట్టలు కట్టి వాడేది రెండోది. ఇది నైరుతి ప్రాంతపు అలవాటు. నీటిలో పెరిగే రెల్లు మూడోది. మొదటి రకంలో గడ్డిని కుప్పగా పోసి, నీళ్లు చల్లి నాననిచ్చి, కుప్ప అడుగు నుంచి పిడికెడు పిడికెడు చొప్పున రెండు చేతులతో లాగుతారు. లాగే ఒరిపిడికి కాడలు తిన్నగా సర్దుకుంటాయి. మూరెడు వెడల్పున్న ఆ పొరలను చీలు కర్రలో పేర్చి నిచ్చెన మీదుగా పైకి మోసుకెళ్లి, చూరు నుంచి కొప్పు వరకు వరుసలుగా పరుస్తారు. వాటిని పట్టి ఉంచేవి హేజెల్ చీలలు. రెండున్నర అడుగుల కొమ్మను నిలువునా చీల్చి, రెండు కొసలూ వాడిగా చెక్కి, మధ్యలో పట్టుకుని ఒక మెలి తిప్పి వంచుతారు. మెలి తిప్పకుండా వంచితే పుటుక్కున విరుగుతుంది. మెలి తిప్పితే పీచు తాడులాగా పురిపడి, విరగకుండా వంగుతుంది. ఆ చీలను గడ్డిలోకి గుచ్చేటప్పుడు కొసలు కొద్దిగా పైకి చూసేలా గుచ్చాలి. కిందికి గుచ్చితే దాని వెంబడే నీరు లోపలికి దిగుతుంది. ఒక ఇంటికి ఇటువంటివి వేలల్లో కావాలి కనుక, హేజెల్ పొదలను కొన్నేళ్లకోసారి మొదలుకంటా నరికి చిగురింపజేసే చిన్న అడవులు ప్రతి ఊరికీ ఉండేవి.

ఎంతకాలం మన్నుతుందని మీరు అడగవచ్చు. వాన, వాలు, చెట్ల నీడ, పనివాడి చేయి బట్టి మారుతుంది కానీ, మామూలుగా పొడవు గడ్డి కప్పు పదిహేను నుంచి పాతికేళ్లు, దువ్విన గడ్డి పాతిక నుంచి ముప్పై అయిదేళ్లు, రెల్లు అంతకంటే ఎక్కువ నిలుస్తాయని చెబుతారు. కొప్పును మాత్రం పది, పదిహేనేళ్లకోసారి కొత్తగా వేయక తప్పదు. కోస్తాలో వరిగడ్డితో కప్పిన పాకకు రెండు మూడేళ్లకే మళ్లీ గడ్డి వేయించిన అనుభవం ఇక్కడ కొందరికి ఉండవచ్చు. చల్లని దేశపు వాతావరణం, నిటారు వాలు, అడుగు మందం అక్కడి కప్పుకు అంత ఆయుష్షునిస్తాయి.

పాత గడ్డి పాడైనప్పుడు అంతా ఊడదీయరు. పైనున్న కుళ్లిన పొర మాత్రం గీకి, మిగిలిన దాని మీదే కొత్త పొర పరుస్తారు. అందువల్ల అడుగున ఉన్న పొర ఇల్లు కట్టిననాటిదే కావచ్చు. డెవన్ ప్రాంతపు మట్టి ఇళ్లలో ఇది కళ్లారా కనిపించింది. పొగగొట్టాలు లేని కాలంలో నేల మీది పొయ్యి నుంచి లేచిన మసి ఆ అడుగు పొరకు పట్టి, దానిని నల్లగా మార్చి, పురుగు పట్టకుండా కాపాడింది. జాన్ లెట్స్ అనే వృక్ష పురావస్తు శాస్త్రవేత్త ఈ మసి పట్టిన గడ్డిని పరిశీలించి, ఆ ఫలితాలను 1999లో ప్రచురించాడు. ఆ గడ్డిలో మధ్యయుగపు గోధుమ వెన్నులు, రై అనే ధాన్యపు వెన్నులు, చేలో పెరిగిన కలుపు మొక్కలు, వాటి గింజలతో సహా దొరికాయి. ఒకే చేలో ఎన్నో రకాల గోధుమ కలగలిసి పండేదని, కాడలు నేటి గోధుమ కంటే ఎంతో పొడవుగా ఉండేవని తేలింది. బొగ్గుగా మారిన నాలుగు గింజలతో వ్యవసాయ చరిత్ర రాసుకునే శాస్త్రానికి, వేరు నుంచి వెన్ను దాకా చెడని మొక్కలు ఇంటి కప్పులో దొరకడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. గడ్డి పాతబడిందని మొత్తం ఊడదీసి కొత్తది వేసిన ప్రతి ఇంటితో పాటు అటువంటి ఆధారం ఒకటి చెత్తలోకి పోయింది.

నిప్పు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. 1212లో లండన్‌లో జరిగిన భారీ అగ్నిప్రమాదం తరువాత కొత్త ఇళ్లకు గడ్డి కప్పు వేయకూడదని నగరం నిషేధించింది. నగరానికి నదికి ఆవలి ఒడ్డున ఉన్న గ్లోబ్ నాటకశాల 1613లో, ప్రదర్శన మధ్యలో పేల్చిన ఫిరంగి రవ్వ గడ్డి కప్పు మీద పడి కాలిపోయింది. మరుసటి ఏడు దానిని పెంకులతో కట్టారు. 1997లో ప్రారంభమైన నేటి గ్లోబ్‌కు మళ్లీ గడ్డి కప్పు వేయడానికి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది, కొప్పు వెంబడి నీళ్లు చిమ్మే గొట్టాలు కూడా అమర్చారు. షాటరీ ఇల్లు సైతం 1969లో నిప్పంటుకొని దెబ్బతింది, ఆపైన బాగుచేశారు. గడ్డి కప్పు భగ్గున మండదు. లోపల గాలి ఆడక నెమ్మదిగా, కనిపించకుండా రాజుకుంటుంది. అందుకే ఆర్పడం కష్టం.

ఇప్పుడు కొట్టానికి వద్దాం. వాన ఎప్పుడు పడుతుందో తెలియని దేశంలో ఆరుబయట కుప్పవేసి నూర్చే వీలు తక్కువ. కాబట్టి కోసిన పంటను కట్టలతో సహా లోపల పేర్చి, శరత్కాలం నుంచి చలికాలమంతా కొంచెం కొంచెంగా నూర్చుకునే కట్టడం కావలసి వచ్చింది. దానినే వారు బార్న్ అంటారు. అది గాదె కాదు. నూర్చిన ధాన్యానికి వేరే చిన్న గది ఉండేది, ఎలుకలు ఎక్కకుండా పుట్టగొడుగు ఆకారపు రాళ్ల మీద దానిని నిలబెట్టేవారు. కొట్టం నడిమి అంకణంలో గట్టి నేల, లేదా ఓక్ పలకలు పరిచిన నేల ఉంటుంది, అదే కళ్లం. దానికి ఇరువైపులా, గోడల్లో ఎదురెదురుగా నిండు బండి పట్టేంత ఎత్తయిన తలుపులు ఉంటాయి. ఒక పక్క నుంచి బండి వచ్చి, సరుకు దింపి, రెండో పక్క నుంచి పోతుంది. నూర్చేటప్పుడు రెండు తలుపులూ తెరిస్తే గాలి అడ్డంగా వీస్తుంది, తూర్పారబడితే పొట్టు కొట్టుకుపోతుంది. తలుపు అడుగున గాడిలో అడ్డపలకలు దించేవారు, గింజలు బయటికి ఎగరకుండా, కోళ్లు లోపలికి రాకుండా. కళ్లానికి రెండు వైపులా ఉన్న అంకణాల్లో నూర్చని కట్టలు ఒక పక్క, నూర్చిన గడ్డి మరో పక్క. గోడల్లో బయటికి సన్నగా, లోపలికి వెడల్పుగా తెరుచుకునే గాలి కంతలు ఉంటాయి. వాన లోపలికి రాకుండానే కట్టలకు గాలి తగులుతుంది. కొన్నింటిలో పక్కగోడ పైభాగాన ఒక రంధ్రం విడిచేవారు. అది గుడ్లగూబ రాకపోకలకు. ఎలుకల పని అది చూసుకునేది.

నూర్పిడి కర్రను కూడా చూడాలి. పొడవాటి పిడికర్ర, దాని కొసన తోలు పట్టీతో వేలాడే పొట్టి బరువు కర్ర. కళ్లం మీద పరిచిన వెన్నుల మీద దానితో కొడితే గింజ రాలుతుంది, కాడ మాత్రం నలగదు. కప్పేవాడికి కావలసింది సరిగ్గా ఇటువంటి గొట్టంలాంటి నిండు కాడే. నలిగిన కాడలో నీరు నిలుస్తుంది.

పాస్టన్ కొట్టం ఈ జాతిలో ఘనమైనది. సర్ విలియం పాస్టన్ దానిని 1581లో కట్టించాడు, ఆ సంగతి రాతిపలక మీద చెక్కించాడు కూడా. 15వ శతాబ్దపు కుటుంబ ఉత్తరాల వల్ల చరిత్రకెక్కిన పాస్టన్‌ల వంశం అది. ఇదే పెద్దమనిషి తరువాత నార్త్ వాల్షంలో నెలకొల్పిన పాఠశాలలోనే నౌకాదళ వీరుడు నెల్సన్ చదువుకున్నాడు. కొట్టం పొడవు సుమారు 70 మీటర్లు, ఎత్తు దాదాపు 16 మీటర్లు. నార్ఫోక్‌లో కట్టడానికి పనికొచ్చే రాయి దొరకదు. దొరికేది చెకుముకి ముద్దలు. వాటితో గోడ కట్టవచ్చు కానీ తిన్నని మూల తీయలేరు, అందుకని మూలలకు, తలుపుల అంచులకు ఇటుక, తెచ్చిన రాయి వాడారు. అసలు అందం లోపల, కప్పు చట్రంలో ఉంది. ఒక గోడ నుంచి మరో గోడకు అడ్డంగా సాగే దూలం గోడలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది కానీ, పంటను పైదాకా పేర్చడానికి అడ్డుపడుతుంది. అందుకని అన్ని చట్రాలకూ అడ్డదూలం పెట్టకుండా, ఒకటి విడిచి ఒకటిగా, గోడ నుంచి కొద్దిదూరం మాత్రమే ముందుకు పొడుచుకొచ్చి ఆగిపోయే పొట్టి దూలాలతో, వాటి మీద నిలిచిన నిలువు కర్రలతో, వాటికి ఆనించిన వంపు కర్రలతో చట్రం నడిపారు. మధ్య జాగా తెరిచే ఉంటుంది. ఈ రెండో రకం రాజభవనాల్లో, చర్చీల్లో గొప్పకోసం వాడే పద్ధతి. గడ్డికట్టలు పేర్చే చోట అంత ఖర్చు ఎందుకు పెట్టాడంటే, పంట నిండిన కొట్టమే ఆ కాలపు జమీందారు హోదా అని నేననుకుంటాను. అంతకుముందు ఆ దర్జా మఠాలది. 1530లలో మఠాలను రద్దు చేశాక అది ఇటువంటి కుటుంబాల చేతికి వచ్చింది. అదే తీరంలో, అదే కాలానికి చెందిన వాక్సం కొట్టంలో మూతపడిన మఠాల రాళ్లు గోడల్లో కనిపిస్తాయి.

నేను మొదట చెప్పిన సూత్రానికి పాస్టన్ పూర్తిగా లొంగదు. దాని కప్పు గోధుమ గడ్డి కాదు, రెల్లు. నార్ఫోక్‌లో బ్రాడ్స్ అనే మడుగుల ప్రాంతం ఉంది. అవి సహజమైన సరస్సులని చాలాకాలం నమ్మారు. మధ్యయుగంలో వంటచెరకు కోసం పీట్ అనే మండే మన్నును తవ్విన గుంతల్లో నీరు నిండి ఏర్పడ్డవని 1950లలో రుజువైంది. వాటి ఒడ్డున పెరిగే రెల్లు ఇంత పెద్ద కప్పుకు సరిపోయింది. చేతికందిన దానితో కప్పడం అన్నదే మూల నియమం. గోధుమ పండే చోట గోధుమ గడ్డి, మడుగులున్న చోట రెల్లు.

1786లో స్కాట్లండులో ఆండ్రూ మీకిల్ నూర్పిడి యంత్రం తయారుచేశాడు. 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో అది దక్షిణాదికి పాకింది. చలికాలమంతా కొట్టంలో దొరికే కూలి ఒక్కసారిగా పోయింది. 1830 ఆగస్టులో కెంట్‌లోని లోయర్ హార్డ్రెస్ వద్ద కూలీలు ఒక యంత్రాన్ని పగలగొట్టడంతో మొదలైన అలజడి ఆగ్నేయ ఇంగ్లండంతా వ్యాపించింది. 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. కప్పేవాడికి వచ్చిన కష్టం వేరు. యంత్రపు డ్రమ్ములో పడ్డ కాడ నలిగి విరుగుతుంది. నైరుతి వారు యంత్రానికి దువ్వెన పరికరం తగిలించి, కాడ డ్రమ్ములోకి పోకుండా గింజ మాత్రం రాలేలా ఏర్పాటు చేసుకున్నారు. అందుకే అక్కడ దువ్విన గడ్డి కప్పు నిలదొక్కుకుంది. 20వ శతాబ్దంలో కోత, నూర్పిడి ఒకేసారి చేసే కంబైన్ హార్వెస్టర్ వచ్చాక పొలంలోనే గడ్డి ముక్కలైపోయింది. దానితో కొట్టానికి పనే లేకుండా పోయింది. ఆపైన పొట్టి కాడ గోధుమ రకాలు, నత్రజని ఎరువులు వచ్చాయి. ఎరువు ఎక్కువైన కాడ త్వరగా పెరిగి బలహీనపడుతుంది, కప్పు మీద త్వరగా కుళ్లుతుంది. నేడు కప్పు కోసమే గోధుమ పండించే కొద్దిమంది రైతులు మారిస్ విడ్జన్ వంటి పాత పొడవు రకాలు వేసి, తక్కువ ఎరువుతో పెంచి, పాతకాలపు బైండర్ యంత్రంతో కోసి, కట్టలను పొలంలోనే నిలబెట్టి ఆరనిచ్చి, ఆ తరువాత నూరుస్తున్నారు. ఇప్పుడు గింజ ఉపఫలం, గడ్డి అసలు పంట.

గోధుమ గడ్డి దొరకడం కష్టమైన దశాబ్దాల్లో, ఎప్పుడూ రెల్లు ఎరుగని నడిమి జిల్లాల ఇళ్ల మీదకు కూడా దిగుమతి రెల్లు ఎక్కింది. టర్కీ, తూర్పు ఐరోపా దేశాల నుంచి వచ్చే రెల్లు ఎక్కువకాలం మన్నుతుందని ఇంటివారు ఇష్టపడతారు. అయితే రెల్లు కప్పు అంచులు పదునుగా, తలం బిగువుగా ఉంటాయి. గడ్డి కప్పు మెత్తగా, పోత పోసినట్టు ఇంటి మీద పడుకుంటుంది. పైగా రెల్లు వేయాలంటే పాత పొరలన్నీ ఊడదీసి వాసాల మీది నుంచి మొదలుపెట్టడం మామూలు. అంటే మసి పట్టిన మధ్యయుగపు పొర ఉంటే అదీ పోతుంది. రక్షిత జాబితాలో ఉన్న కట్టడాల మీద సామగ్రి మార్చాలంటే స్థానిక సంస్థ అనుమతి అవసరమని వాదించే పరిరక్షకులకూ, మన్నిక చూడమనే కప్పేవారికీ మధ్య ఈ వివాదం దశాబ్దాలుగా నడుస్తోంది. నేను పరిరక్షకుల పక్షమే, కానీ పాతికేళ్లకోసారి కప్పు ఖర్చు భరించే ఇంటివాడి వాదనను కొట్టిపారేయలేను.

పాస్టన్ కొట్టానికి మాత్రం మరమ్మతుల్లో మరో చిక్కు వచ్చి పడింది. దాని చెక్క సందుల్లో, తలుపుల పైదూలాల పగుళ్లలో బార్బాస్టెల్ అనే అరుదైన గబ్బిలాల ఆడవి పిల్లలు పెట్టే స్థావరం ఉంది. ఇంగ్లండులో ఈ జాతి కట్టడాల్లో స్థావరం ఏర్పరచుకోవడం అరుదు కనుక, ఆ కొట్టానికి చారిత్రక కట్టడంగా ఉన్న రక్షణతో పాటు జీవజాతి స్థావరంగా మరో చట్టరక్షణ లభించింది. అందువల్ల ఏ దూలం పగులు పూడ్చాలన్నా, ఏ తలుపు సరిచేయాలన్నా ముందు గబ్బిలాల కాలెండర్ చూసుకోవలసిందే. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.